సూదుల లెక్క తేల్చే కొలువు

గోదావరిఖనిలో డిగ్రీ అయిపోయిన పిల్లలు కలిస్తే ఇప్పటికీ ముందు వచ్చేది సింగరేణి బొగ్గు గనుల మాటే. డిపెండెంట్ ఉద్యోగం వస్తుందా, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుంది? తొంభైల తొలినాళ్లలో లక్ష దాటిన సింగరేణి ఉద్యోగులు ఇప్పుడు నలభై వేల దగ్గరికి వచ్చారు. అందుకే గణితం, స్టాటిస్టిక్స్ బాగా వచ్చినవారికి కోచింగ్ సెంటర్ బోర్డుల మీద కనిపించని ఒక దారి చెబుతాను: అంటువ్యాధుల మోడలింగ్. వైరస్ ఎవరి నుంచి ఎవరికి, ఎంత వేగంగా పాకుతుందో సమీకరణాలతో లెక్కగట్టి, ఏ చర్యకు ఎన్ని కేసులు తప్పుతాయో చెప్పడం ఈ పని.

దీని తొలి అడుగుల్లో ఒకటి మన దగ్గరే పడింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. 1902 నోబెల్ సంగతి అందరూ చదువుకున్నదే. ఆ తర్వాత ఆయన గణితం పట్టుకున్నాడని మాత్రం పాఠాల్లో రాదు. దోమలన్నిటినీ చంపనక్కర్లేదు, ఒక హద్దు కిందికి తెస్తే మలేరియా దానంతటదే తగ్గిపోతుందని సమీకరణాలతో చూపించాడు.

ఇప్పుడు దోమ స్థానంలో సూదిని పెట్టండి. మత్తుమందు ఎక్కించుకునేవారు ఒకే సిరంజిని పంచుకుంటే హెచ్‌ఐవీ, హెపటైటిస్-సి ఒకరి నుంచి ఒకరికి చేరతాయి. అమెరికాలోని న్యూ హేవెన్ నగరం 1990లో వాడిన సూదులు తీసుకుని కొత్తవి ఇచ్చే పథకం పెట్టింది. యేల్ ఆచార్యుడు ఎడ్వర్డ్ కాప్లాన్ మనుషుల్ని కాకుండా, వెనక్కి వచ్చిన సూదుల పరీక్షా ఫలితాలను లెక్కకు తీసుకున్నాడు. సూది బయట ఎన్ని ఎక్కువ రోజులు తిరిగితే అంత ఎక్కువ మంది చేతుల్లో పడుతుంది. ఆ రోజులు తగ్గిస్తే చాలు. కొత్త ఇన్‌ఫెక్షన్లు మూడో వంతు తగ్గాయని ఆయన అంచనా. అదే దేశంలో ఇండియానా రాష్ట్రపు స్కాట్ కౌంటీలో 2014-15లో సిరంజిలు పంచుకోవడం వల్ల హెచ్‌ఐవీ పాకి, చివరికి కేసులు రెండు వందలు దాటాయి. అధికారులు 2013లోనే కదిలి ఉంటే 56కు మించేవి కావని 2018లో వచ్చిన ఒక మోడల్ తేల్చింది.

ఇది పరాయి దేశాల గోల అనుకోకండి. 2019లో కేంద్రం విడుదల చేసిన ఎయిమ్స్ సర్వే ప్రకారం దేశంలో ఇంజెక్షన్‌తో మత్తు తీసుకునేవారు సుమారు 8.5 లక్షలు. వారి సంఖ్య ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి.

పోలీసు భయంతో, సిగ్గుతో దాక్కునేవారి సంఖ్య ఎలా తెలిసింది? అసలు విద్య ఇక్కడే ఉంది. సింగరేణిలో అక్కడక్కడా బోర్లు వేసి, పైకి వచ్చిన కోర్ చూసి భూమి లోపలి బొగ్గు సీమ్ మందం చెప్పడం మీరు వినే ఉంటారు. ఇదీ అంతే. పరిచయం కుదిరిన కొందరి ద్వారా వాళ్లకు తెలిసినవారిని చేరుకుని, ఆ గొలుసులో దొరికిన వివరాల నుంచి మొత్తం సంఖ్యను అంచనా వేస్తారు. బోరు తప్పు చోట పడితే నిల్వ లెక్కా తప్పుతుంది. కోవిడ్‌లో కేంద్రం వేసిన కమిటీ మోడల్ కూడా 2021 రెండో అల ఎత్తును తక్కువగా అంచనా వేసింది. కాబట్టి తన లెక్క ఎక్కడ తప్పొచ్చో ముందే చెప్పగలవాడే నా దృష్టిలో మంచి మోడలర్.

దారి విషయానికొస్తే, ఇంటర్ ఎంపీసీ, ఆపైన స్టాటిస్టిక్స్ ఉన్న బీఎస్సీ. పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఉస్మానియాలోనో కాకతీయలోనో ఎంఎస్సీ స్టాటిస్టిక్స్ చేయొచ్చు. వెల్లూరు సీఎంసీలో బయోస్టాటిస్టిక్స్ పీజీ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, ఐఐపీహెచ్‌లో ప్రజారోగ్య పీజీ అయిన ఎంపీహెచ్ ఉంది. రామగుండం మెడికల్ కాలేజీలో చదువుతున్నవారైతే కమ్యూనిటీ మెడిసిన్‌ను పరీక్ష సబ్జెక్టుగానే చూసి వదిలేయొద్దు. వేలకు వేలు అడిగే డేటా సైన్స్ సర్టిఫికెట్ల జోలికి మాత్రం తొందరపడి పోకండి. ఈ లెక్కలకు వాడే ఆర్, పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలు రెండూ ఉచితం. రాస్ సమీకరణాలను ల్యాప్‌టాప్‌లో నడిపించి చూడటానికి పైసా ఖర్చు లేదు.

ఉద్యోగాలు? ఎయిడ్స్ నియంత్రణ సంస్థల్లో, ఐసీఎంఆర్ ప్రాజెక్టుల్లో చాలావరకు కాంట్రాక్టు కొలువులే. సింగరేణిలోలా క్వార్టరు, బోనసు, లాభాల్లో వాటా ఆశించేవారికి ఇది నచ్చకపోవచ్చు. ఇంట్లో స్థిరమైన జీతం తప్పనిసరైతే, అదే స్టాటిస్టిక్స్‌తో ముందు హైదరాబాద్ క్లినికల్ రీసెర్చ్ కంపెనీల్లో చేరి, తర్వాత పీహెచ్‌డీ వైపు రావచ్చు.