వాటం తప్పిన వాకిలి

ఎస్టిమేషన్ అండ్ కాస్టింగ్ సబ్జెక్టును పరీక్ష ముందురోజు చదివి, మర్నాడే మర్చిపోయే మిత్రుల కోసం ఈ వ్యాసం. ఐటెం రేటు కాంట్రాక్టుకూ లంప్‌సమ్ కాంట్రాక్టుకూ తేడా ఏమిటన్నది మనకు రెండు మార్కుల ప్రశ్న. మా ఇంట్లో అది 9,800 రూపాయల ప్రశ్న అయింది.

బాపు సింగరేణిలో రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి, సెంటినరీ కాలనీకి దగ్గర్లోని ఊళ్లో ఇల్లు కట్టుకున్నాం. ఇంటి ముందు 20 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు వాకిలి. తాండూరు బండలు పరిచే పనిని మెటీరియల్‌తో సహా చదరపు అడుగుకు 110 రూపాయలకు ఒక మేస్త్రీకి ఒప్పజెప్పాం. మొత్తం 30,800. పని నడుస్తుండగానే 21,000 ఇచ్చాం. ముసురు పట్టిన మొదటి వారంలోనే గోడ పొంటి నీళ్లు నిలిచినయ్. "ఇగ ఒక్క రూపాయి ఇయ్య" అన్నడు బాపు. మేస్త్రీ మాత్రం రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, "కూలోళ్లకు నా చేతినుంచి ఇచ్చుకున్న సారూ. బ్లాస్టింగ్‌కు బండలు కుంగితే నేనేం జేయాలె?" అనేవాడు.

బ్లాస్టింగ్ మాటను మన దగ్గర ఊరికే కొట్టిపారేయలేం. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు మోతకు కిటికీ రెక్కలు గలగలమనడం మనందరికీ తెలిసిందే. గనుల భద్రతా డైరెక్టరేట్ 1997 సర్క్యులర్‌లో మామూలు ఇళ్ల దగ్గర కంపనానికి హద్దు పెట్టింది. ఫ్రీక్వెన్సీని బట్టి సెకనుకు 5 నుంచి 15 మిల్లీమీటర్లు. ఆ హద్దు దాటితే ముందు ఎక్కడ కనిపిస్తుంది? మామూలుగా గోడ ప్లాస్టరింగ్‌లో, కిటికీ మూలల్లో సన్నటి చీలికలుగా. మా గోడల మీద గీత కూడా లేదు. పైగా ఏ కంపనమైనా సరిగ్గా గోడ పక్క రెండు వరుసలనే ఏరుకుని కుంగదీయదు కదా.

అయితే ఇదంతా నోటితో చెబితే కొట్లాటే మిగులుతుంది. కొలవాలి, అదీ మేస్త్రీ ముందే కొలవాలి. ప్రభుత్వ పనుల్లో మెజర్‌మెంట్ బుక్ ఉండేది ఇందుకే. నేను లాంగ్ నోట్‌బుక్‌లో వాకిలి పటం గీసి, రెండడుగుల చదరపు బండలు 70కీ నంబర్లు వేశాను. మేస్త్రీయే తన లెవెల్ పైపు పట్టాడు. వాన పడే చోట బండలకు 60 అడుగులకు ఒక అడుగు వాటం ఉంటే నీళ్లు నిలవవు. ఆ లెక్కన 14 అడుగుల మీద గేటు వైపు దాదాపు మూడు అంగుళాలు పల్లం రావాలి. బయటి అయిదు వరుసల్లో వాటం బాగానే ఉంది. గోడ పక్క రెండు వరుసలు మాత్రం ముప్పావు అంగుళం గోడవైపే ఒరిగినయ్. తర్వాత ప్రతి బండనూ కర్ర సుత్తితో తట్టాం. ఆ రెండు వరుసల్లోని 20, గేటు దగ్గర ఊగుతున్న ఒకటి, మొత్తం 21 బండలు గుల్ల చప్పుడు చేసినయ్.

ఒక బండ ఎత్తి చూశాం. కింద మాల్ పూర్తిగా పరిచి లేదు, నాలుగు మూలలా నడుమనా అయిదు ముద్దలు, మధ్యలో ఖాళీ. దాని కింద మొరం వేలు పెడితే దిగుతోంది. ఇల్లు కట్టేటప్పుడు పునాది కోసం తవ్విన కందకం అక్కడే ఉంటుంది. దాన్ని పూడ్చిన మట్టి మిగతా నేలకన్నా వదులు. ఆరంగుళాల పొర చొప్పున నీళ్లు చల్లి దిమ్మిస కొట్టుకుంటూ రావాలి, లేకపోతే మొదటి వానకే కూర్చుంటుంది. మేస్త్రీ ఆ గుంతలోకి చాలాసేపు చూసి, "దిమ్మిస సరిగ పడలే" అన్నడు. బ్లాస్టింగ్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. చెడిన పనికి కూలి ఎంత ఇవ్వాలన్న దానిపై ఇంగ్లండులో రెండు పేరున్న తీర్పులున్నాయి. 1952 నాటి హోనిగ్, ఐజాక్స్ కేసులో 750 పౌండ్ల ఇంటి అలంకరణ పనిలో దాదాపు 56 పౌండ్ల లోపాలు తేలాయి. ఆ లోపాల ఖర్చు మినహాయించుకుని మిగతాది ఇవ్వాల్సిందే అంది కోర్టు. 1972లో బోల్టన్, మహదేవ కేసులో 560 పౌండ్ల హీటింగ్ పనికి 174 పౌండ్ల రిపేరు అవసరమైంది. అక్కడ పని చేసినవాడికి పైసా రాలేదు, అది లంప్‌సమ్ ఒప్పందం, పని పూర్తయినట్టే కాదన్నారు. బాపు చదవకపోయినా ఆయన మాట ఈ రెండోదాని లాంటిదే! కానీ మాది చదరపు అడుగు రేటు. బాగున్న 49 బండలను విడిగా కొలవొచ్చు, వాటి కూలి ఎగ్గొట్టడం న్యాయం కాదు. ఇంగ్లండు తీర్పులు ఇక్కడి కోర్టులను కట్టిపడేయవు, అది వేరే సంగతి. మనకు 1872 కాంట్రాక్టు చట్టంలో 73వ సెక్షన్ ఉంది. నష్టం లెక్కేసేటప్పుడు దాన్ని సరిదిద్దుకునే దారులనూ చూడాలంటుంది.

ఆ దారి ఖరీదెంతో ఇంకో మేస్త్రీని అడిగాం. ఉన్న బండలే ఎత్తి, దిమ్మిస కొట్టి, మళ్లీ పరచడానికి అడుగుకు 70. అంటే 84 చదరపు అడుగులకు 5,880. బాకీ 9,800లో అది తీసేస్తే 3,920 మేస్త్రీకి ఆ రోజే రావాల్సిన సొమ్ము. బాపును ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది. కూలోళ్ల పేరెత్తినప్పుడు మెత్తబడ్డడు, తనూ కూలికి పోయి పెరిగినోడే.

మాట కుదరకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. ఇంటి నిర్మాణం కూడా సేవేనని సుప్రీంకోర్టు 1993లోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో చెప్పింది. 5 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. కాకపోతే రోజుకూలికి పిలిచి, మనం చెప్పినట్టల్లా చేయించుకున్న మనిషి మీద ఇది పనికిరాదు. రేటు మాట్లాడుకుని పని ఒప్పజెప్పినప్పటి సంగతి ఇది.

మాకు అంతదూరం పోయే అవసరం రాలేదు. తెల్లకాగితం మీద రాసుకున్నాం: 3,920 ముట్టింది, 21 బండలు మేస్త్రీయే మళ్లీ వేయాలి, పది బిందెల నీళ్లు పోస్తే గోడ దగ్గర చుక్క నిలవకూడదు, ఆనాడు 5,880 ఇవ్వాలి. ఇద్దరూ సంతకం చేశారు. పది రోజులకు మేస్త్రీ ఇద్దరు మనుషులతో వచ్చి, గోడ పక్క మొరమంతా తోడి మళ్లీ పొరలు పొరలుగా దిమ్మిస కొట్టించాడు. నీళ్లు మేమే పోశాం, గేటు దాకా పారినయ్. ఎత్తేటప్పుడు రెండు బండలు పగిలితే వాటి ఖరీదు చెరి సగం పెట్టుకున్నారు.