మంచం పక్కన ఉన్న మనిషి

పక్షవాతం వచ్చి మంచాన పడిన పెద్దవారు మీ ఇంట్లో ఉన్నారా? అయితే ఈ వారం మనం మాట్లాడుకునేది ఆ రోగిని గురించి కాదు, రాత్రింబవళ్ళు ఆ మంచం పక్కనే ఉంటున్న మిమ్మల్ని గురించి.

మన విచారణల్లో ఈ సేవ ఎక్కువగా కోడలి మీదో, పెళ్ళికాని కూతురి మీదో, తానే ముసలిదైపోయిన భార్య మీదో పడుతుంది. గంజి తాగించాలి, పక్కబట్టలు మార్చాలి, ఒళ్ళు తుడవాలి. వీపున పుండ్లు పడకుండా సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పమంటారు డాక్టర్లు. రాత్రి కూడా అలా తిప్పే మనిషికి నిద్ర ఎక్కడిది? నెలల తరబడి ఇలా సాగితే నడుము పట్టేస్తుంది, చిన్న మాటకే కోపం ముంచుకొస్తుంది. రోగిని కసురుకొని, ఆ తరువాత దేవుని పటం ముందు ఏడ్చేవారు ఎందరో! పాపసంకీర్తనంలో చెప్పుకోండి, మంచిదే. కాని అలసటకు మందు నిద్రే.

రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త ఎడారిలో చెట్టు కింద కూలబడి, ఇక చావు వస్తే చాలునని ప్రార్థించాడు. దేవదూత ఆయనను మందలించలేదు. రొట్టె, నీళ్ళు చూపించి తినమన్నాడు. ఆయన తిని మళ్ళీ పడుకున్నాడు. ప్రయాణం మాట దేవదూత ఎత్తింది రెండోసారి లేపినప్పుడే.

మీ అత్తగారి మాత్ర వేళకు ఇస్తూ, మీ బి.పి. మాత్ర మరచిపోతున్నారా? రోగిని ఒక్కరే రెక్క పట్టి లాగుతున్నారా? పక్షవాతం వచ్చిన చేయి లాగితే ఆ భుజానికి హాని, మీ నడుముకూ హాని. ఒంటి కింద మడత దుప్పటి పరచి, ఇద్దరు చెరోవైపు పట్టుకొని జరపండి. నడుము కాదు, మోకాళ్ళు వంచండి.

చూడవచ్చిన బంధువులు బత్తాయిలు, బోలెడు సలహాలు ఇచ్చి, "ఏమైనా కావాలంటే చెప్పమ్మా" అంటారు. మనం మొహమాటంతో "ఏం వద్దండీ" అంటాం. ఈసారి చెప్పండి: "పిన్నిగారూ, ఆదివారం పూజకు వెళ్ళొస్తాను, ఆ రెండు గంటలు అత్తయ్య దగ్గర కూర్చోండి." పట్నంలో ఉన్న మరిదికి మాత్రం భర్తే చెప్పాలి: "డబ్బు పంపుతున్నావు, సంతోషం. నెలకు రెండు రాత్రులు వచ్చి అమ్మ దగ్గర పడుకోరా." ఈ మాట కోడలి నోట వస్తే తగవవుతుంది. అన్నట్టు, కన్నతల్లికి బెడ్‌పాన్ పెట్టడం కొడుకుకు నామోషీ ఎందుకో నాకు అర్థం కాదు! సిలువ మార్గం 5వ స్థలంలో సీమోను చేయి వేస్తే ప్రభువు వద్దనలేదు.

విచారణ గురువులకు కబురు చేయండి. రోగికి దివ్యసత్ప్రసాదం తెచ్చినప్పుడు మీరూ స్వీకరించవచ్చు. 1992లో రెండవ జాన్ పాల్ పోపుగారు ఏర్పాటు చేసిన ప్రపంచ రోగుల దినాన్ని 1993 నుండి ఏటా ఫిబ్రవరి 11న, లూర్దుమాత పండుగనాడు జరుపుకొంటున్నాం. మరియదళం వారు ఆనాడు జపమాల చెప్పి వెళ్ళిపోకుండా, ఒక పూట ఆ తల్లిని పడుకోనిచ్చి, రోగి దగ్గర తాము కూర్చుంటే ఎంత బాగుంటుంది!

వీలు దొరికినా నిద్ర పట్టకపోవడం, రోజూ ఏడుపు రావడం, "దేవుడు త్వరగా తీసుకుపోతే బాగుండు" అనిపించడం జరుగుతోందా? అలా అనిపించినంత మాత్రాన మీరు చెడ్డవారు కారు, బాగా అలసిపోయారు. డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. రాత్రి రెండింటికైనా చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.