టోక్యోలో కొత్త బాటసారి

చదువుకున్న మనిషి ఒక్క రాత్రిలో నిరక్షరాస్యుడు కావడం సాధ్యమే. జపాను రాజధాని టోక్యోలో తొలిసారి అడుగుపెట్టిన యాత్రికుని స్థితి ఇదే. హిరగనా, కతకనా అనే రెండు వర్ణమాలలు, చైనా నుండి వచ్చిన కంజి లిపి, ఈ మూడూ అక్కడ ఒకే వాక్యంలో కలిసి కనిపిస్తాయి. కొత్తవాడు దుకాణం పేరు చదవలేడు. దారి అడుగుదామంటే మాట రాదు. ఇటువంటివాడు ఆ మహానగరంలో ఎవరి చేయీ పట్టుకోకుండా తిరగగలడా? నిస్సంశయంగా తిరగగలడు. అపరిచితుని కూడా దృష్టిలో ఉంచుకొని అక్కడి రైలు మార్గాలను తీర్చిన విధానమే అందుకు కారణం.

ఆసియాలో తొలి భూగర్భ రైలు మార్గంగా పేరొందినది టోక్యోలోనే వెలసింది. 1927 డిసెంబరు 30న ఉఎనో, అసకుసా పేటల నడుమ కేవలం 2.2 కిలోమీటర్ల మేర అది ప్రారంభమయింది. ఆ చిన్న మార్గమే క్రమంగా పెరిగి నేటి గింజా లైను అయింది. ఇప్పుడు 'టోక్యో మెట్రో' సంస్థకు తొమ్మిది, నగర ప్రభుత్వానికి చెందిన 'తోయెయ్'కు నాలుగు భూగర్భ మార్గాలున్నాయి. నేలమీద నడిచే జె.ఆర్. రైళ్లు, ప్రైవేటు కంపెనీల రైళ్లు వీటికి అదనం. అన్నింటినీ ఒకే పటంలో చూస్తే సాలెగూడు జ్ఞప్తికి వస్తుంది.

ఈ గూటిలో చిక్కుపడకుండా 2004లో ఒక ఉపాయం అమలులోకి వచ్చింది. ప్రతి భూగర్భ మార్గానికి ఒక రంగుతోపాటు ఒక రోమన్ అక్షరం, ప్రతి స్టేషనుకు ఒక అంకె కేటాయించారు. గింజా లైను రంగు నారింజ, అక్షరం 'జి'. షిబుయా జి 01, ఉఎనో జి 16, అసకుసా జి 19. ఉఎనో అన్న పేరును సరిగా పలకలేనివాడైనా జి 16ను గుర్తుంచుకోగలడు. షిబుయాలో రైలెక్కినవానికి అంకెలు పెరుగుతూ పోతాయి. దారి మధ్యలో ఎక్కినవానికి అంకెలు తగ్గుతూ వస్తే ఎదురు దిశలో పోతున్నాడన్నమాట. ఇంత సులభమైన ఉపాయం తొలి రైలు నడిచిన ముప్పాతిక శతాబ్దానికిగాని అమలు కాకపోవడం విచిత్రమే!

పొరపాటును సైతం క్షమించే మార్గం మరొకటి ఉంది. జె.ఆర్. వారి యమనోతె లైను నగరం నడిబొడ్డును చుట్టివచ్చే వలయం. దాని పొడవు 34.5 కిలోమీటర్లు, స్టేషన్లు 30. గానుగెద్దువలె సుమారు గంటకు ఒక ప్రదక్షిణ పూర్తిచేస్తుంది. ఎదురు దిశలో ఎక్కినవాడు కూడా, ఆలస్యంగానైనా, గమ్యం చేరుతాడు.

ఛార్జీ దూరాన్ని బట్టి ఉంటుంది. కొత్తవానికి టిక్కెట్టు ఎంతకు కొనాలో తోచకపోతే అన్నింటికన్న తక్కువ ధర టిక్కెట్టు కొని ఎక్కవచ్చు. దిగిన చోట గేటుకు ఇవతలనే ఒక యంత్రం ఉంటుంది. టిక్కెట్టును అందులో పెడితే తక్కువైన సొమ్ము ఎంతో చూపుతుంది. అంత చెల్లిస్తే చాలు, జరిమానా లేదు. ప్రయాణికుడు మోసగాడు కాడు, తెలియనివాడు మాత్రమే అన్న భావన ఈ ఏర్పాటులో ఉంది. 2001లో జె.ఆర్. వారు 'సుయికా' కార్డును ప్రవేశపెట్టారు. జపాను భాషలో ఆ మాటకు పుచ్చకాయ అన్న అర్థం కూడా ఉంది. కార్డు రంగూ ఆకుపచ్చే. 2007 నుండి ఆ కార్డు నగరంలోని ఇతర కంపెనీల రైళ్లలోనూ చెల్లుతున్నది. అయినా ఒక లోపం మిగిలిపోయింది. టోక్యో మెట్రో నుండి జె.ఆర్. రైలుకు మారితే ఛార్జీ సాధారణంగా మళ్లీ మొదటినుండి లెక్కకు వస్తుంది. ఒకే నగరంలో ఒకే ప్రయాణానికి రెండు లెక్కలు ఉండడం సమంజసమనిపించదు.

నగరానికి తూర్పున నిషి కసాయ్ అనే పేట ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకై వచ్చిన భారతీయులు అక్కడ పెద్దసంఖ్యలో స్థిరపడ్డారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. నగరమధ్యంలోని ఓతెమచి నుండి తోజాయ్ లైనులో మారకుండా అక్కడికి వెళ్లవచ్చు. ఓతెమచి టి 09, నిషి కసాయ్ టి 16. కాని ఈ మార్గంలో రెండు రకాల రైళ్లు నడుస్తాయి. అన్ని స్టేషన్లలో ఆగేది ఒకటి, వేగంగా పోయేది మరొకటి. వేగపు రైలు తోయోచో దాటిన తరువాత నిషి కసాయ్‌లో ఆగకుండా నదులు దాటి, పక్క జిల్లాలోని ఉరయాసులో ఆగుతుంది. బంధువుల ఇంటికి బయలుదేరిన కొత్తవాడు కిటికీలోనుండి తన స్టేషను వెనక్కి పోవడం చూస్తూ ఉండిపోవలసిందే! ఉరయాసులో దిగి, అన్నిచోట్లా ఆగే రైలులో తిరిగిరావాలి. కనుక అంకె ఒక్కటే చాలదు, రైలు రకం కూడా చూడాలి. ఆ వివరం ప్లాట్‌ఫారం మీది బోర్డులో ఇంగ్లీషులోనూ ఉంటుంది.

ఉదయం వేళ ఇదే తోజాయ్ లైనులో ఊపిరి సలపనంత రద్దీ. 2019లో కిబా, మొంజెన్ నకచో స్టేషన్ల నడుమ పెట్టెలలో జనం నిర్ణీత పరిమాణానికి దాదాపు రెండింతలు ఉండేవారు. సామానుతో వచ్చే యాత్రికుడు ఏడున్నర, తొమ్మిదిన్నర గంటల మధ్య ఎక్కకపోవడం అతనికీ, తోటివారికీ మేలు. పెట్టెలో ఫోను మాట్లాడడం అమర్యాద. ప్లాట్‌ఫారం మీద గరుకుగా ఉండే పసుపుపచ్చ పలకల వరుస అంధులకు దారి చూపేది. దానిపై పెట్టె దింపి నిలబడడం కొత్తవారు తరచు చేసే అపచారం. 1967లో జపానులోని ఒకయామాలో తొలిసారి పరచిన ఆ పలకలే నేడు మన మెట్రో స్టేషన్లలోనూ కనిపిస్తాయి.

షింజుకు స్టేషనుకు రెండువందలకు పైగా ద్వారాలున్నాయి. స్టేషను పేరుతోపాటు ఏ ద్వారం వద్ద కలుసుకోవాలో ముందే తెలుసుకోనివాడు భూమిలోపలే అరగంట తిరుగుతాడు.

ఈ రైళ్లు రాత్రంతా నడవవు. అర్ధరాత్రి దాటాక ఒకటి కొట్టే లోపల దాదాపు అన్నీ ఆగిపోతాయి. చివరి రైలు వేళను టోక్యోవాసులు సైతం గుర్తుపెట్టుకొని విందుల నుండి లేచిపోతారు. అది తప్పితే మిగిలే దారులు రెండు. బరువైన ఛార్జీ చెల్లించి టాక్సీ ఎక్కడం, లేదా ఎక్కడో కాలక్షేపం చేసి, తెల్లవారుజామున ఐదు గంటల ప్రాంతంలో వచ్చే తొలి రైలుకై ఎదురుచూడడం.