పికప్ ట్రక్కు గేరుపెట్టె: నూనెను చల్లార్చు విధానము

ఇంజను వేడెక్కినచో బండిని నిలిపి, బానెట్టు ఎత్తి, రేడియేటరులో నీరు చూడవలెనని మన పల్లెలలోని బాలురకు కూడ తెలియును. గేరుపెట్టెయు వేడెక్కునని, ఆ వేడివలననే అది పాడగునని తెలిసినవారు తక్కువ. ఇందుకు కారణము లేకపోలేదు. మన దారులపై తిరుగు లారీలు, జీపులు చాలవరకు కాలితో క్లచ్చి త్రొక్కి చేతితో గేరు మార్చు బండ్లు. వాని గేరుపెట్టెలో పండ్లచక్రములు నూనెలో మునిగి తిరుగుచుండును. అందు పుట్టు వేడి స్వల్పము, అది పెట్టె గోడలనుండియే గాలిలో కలసిపోవును. అమెరికాలోను, అరబ్బు దేశములలోను తిరుగు పెద్ద పికప్ ట్రక్కులు మాత్రము చాలవరకు ఆటోమేటిక్ గేరుపెట్టె కలవి. వాని సంగతి వేరు.

ఆ బండ్లతో మనకేమి పని యనరాదు. కడప, రాయచోటి ప్రాంతములనుండి కువైట్‌నకును, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతములనుండి దుబాయికిని, సౌదీ అరేబియాకును పోయి డ్రైవర్లుగా, షెడ్డు మెకానిక్కులుగా పనిచేయువారు వేలసంఖ్యలో కలరు. మన కళాశాల విద్యార్థులలో అన్నయో, మేనమామయో అక్కడ లేనివారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. నీళ్ళ ట్యాంకునో, పడవ నెక్కించిన ట్రైలరునో లాగుచు బండి ఎడారిలో నిలిచిపోయిననాడు యజమాని మొదట ప్రశ్నించునది డ్రైవరునే. క్రొత్త గేరుపెట్టె వెల అతని ఎన్నో నెలల జీతము. భాషాబోధకులమైన మాకు ఈ విషయమెందుకని అడుగువారు అడుగుదురు గాక; యంత్రములను గూర్చి తెలుగున చదువదగిన పాఠములు కొలదిగా నున్నవి, ఉర్దూలోను పరిస్థితి అంతే. అందువలన ఈ సంచికలో ఈ పాఠమునకు పూనుకొంటిమి.

ఆటోమేటిక్ బండిలో ఇంజనునకును గేరుపెట్టెకును నడుమ క్లచ్చి పలకకు బదులు టార్క్ కన్వర్టర్ అను భాగము కలదు. దానిని గ్రహించుటకు తేలికయైన ఉపమానమొకటి ఉన్నది. రెండు బల్లపంకాలను ఎదురెదురుగా నిలిపి, ఒకదానికి మాత్రము కరెంటు ఇచ్చినచో, దాని గాలికి రెండవది కూడ తిరుగ నారంభించును. ఇక్కడ గాలికి బదులు నూనె. పంకాల రెక్కలకు బదులు ఇనుపరెక్కల చక్రములు. ఇంజను త్రిప్పు చక్రము నూనెను విసరును, ఆ విసురునకు గేరుపెట్టె వైపు చక్రము తిరుగును. నడుమ మూడవ చక్రమొకటి నూనె ధారను వంచి మరల మొదటి చక్రమునకు అనుకూలముగా త్రిప్పును గనుక బండి కదలునప్పుడు బలము హెచ్చును. జర్మనీలో హెర్మన్ ఫ్యోటింగర్ అను ఇంజనీరు 1905లో ఈ సూత్రమును నౌకల కొఱకు కనిపెట్టెను. ద్రవము ద్వారా శక్తిని అందించు హైడ్రా-మ్యాటిక్ గేరుపెట్టెను జనరల్ మోటార్స్ వారు 1940 మోడలు ఓల్డ్స్‌మొబీల్ కార్లలో ప్రవేశపెట్టిరి. 1948లో బ్యూయిక్ డైనాఫ్లో వచ్చుటతో టార్క్ కన్వర్టరే సామాన్యుని కారులోనికి వచ్చెను.

మన ఉపమానములోనే చిక్కు కూడ దాగియున్నది. రెండవ పంకా ఎన్నడును మొదటిదానంత వేగముగా తిరుగదు. ఆ వేగభేదము ఏమైపోవును? భౌతికశాస్త్ర విద్యార్థులు వెంటనే చెప్పగలరు: శక్తి నశింపదు, అది ఉష్ణముగా మారును. ఒక లెక్క వేయుదము. ఇంజను 100 అశ్వశక్తులు ఇచ్చుచున్నది, కన్వర్టరు అందులో నూటికి 85 పాళ్ళు మాత్రమే ముందుకు పంపుచున్నది అనుకొందము. మిగిలిన 15 అశ్వశక్తులు, అనగా సుమారు 11 కిలోవాట్లు, నూనెలోనే వేడిగా మిగులును. ఒక్కొక్క కిలోవాటు గల కరెంటు పొయ్యిలు పదునొకండింటిని గేరుపెట్టెలోపల ఒక్కసారిగా వెలిగించినట్లు! చదునైన రహదారిపై సమవేగముతో పోవునప్పుడు ఈ బాధ ఉండదు, ఏలయన అప్పుడు లోపలి లాకప్ క్లచ్చి రెండు చక్రములను ఒకటిగా బిగించును. ఆ ఏర్పాటును ప్యాకార్డ్ వారు 1949లోనే చేసిరి. క్రైస్లర్ వారు 1978లో చేపట్టిన పిమ్మట అది సర్వసాధారణమైనది. ఇసుకలో ఎక్కునప్పుడు, బరువు లాగుచు నెమ్మదిగా పోవునప్పుడు లాకప్ విడిపోవును. పొయ్యిలు అప్పుడు వెలుగును.

ఈ నూనె కేవలము కందెన కాదు. శక్తిని మోయునది అదే, గేరు మార్చుటకు క్లచ్చి పలకలను నొక్కునది అదే, అరుగుదలను ఆపునది అదే, వేడిని బయటికి తెచ్చునది కూడ అదే. ఇంటిలో ఒక్కడే సంపాదించి, వండి, కావలి కాయుచున్నట్లు! వాడు పడకవేసినచో ఇల్లంతయు పడకవేయును. నూనె వేడికి మాడినప్పుడు ఎరుపు రంగు తగ్గి గోధుమరంగునకు, పిదప నలుపునకు తిరుగును, మాడిన వాసన వచ్చును, రబ్బరు సీళ్ళు బిరుసెక్కును, పలకలు జారును. జారిన పలకలు మరింత వేడిని పుట్టించును. సుమారు 80 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన పిదప ప్రతి 11 డిగ్రీలకు నూనె ఆయువు సగమగునని మెకానిక్కులలో ఒక వాడుక లెక్క చాలకాలముగా నున్నది. నేటి సింథటిక్ నూనెలు అంతకంటె ఎక్కువ ఓర్చుకొనును గనుక దానిని అక్షరాల నమ్మనక్కరలేదు. దాని పోకడ మాత్రము సత్యము. ప్రసంగవశమున ఒక విచిత్రము: అమెరికాలో 1970ల ఆరంభము వరకు ఈ నూనెలో స్పెర్మ్ తిమింగలపు నూనెను కలుపుచుండిరి. ఆ జీవిని రక్షింప చట్టము వచ్చిన పిదపనే రసాయనజ్ఞులు బదులు పదార్థములను వెదకిరి.

కంపెనీ వారు ఈ వేడిని ఎరుగనివారు కారు. రేడియేటరు ప్రక్కనున్న తొట్టిలో ఒక చిన్న గొట్టమునో, పలకల కూర్పునో అమర్చి, గేరు నూనెను దాని గుండ పంపుదురు. చుట్టునున్న ఇంజను నీరు ఆ వేడిని తీసికొనును. ఇది మంచి ఏర్పాటే, శీతదేశములలో ఉదయమున నూనెను త్వరగా వెచ్చపరచును కూడ. కాని ఆ నీరే సుమారు 90 డిగ్రీలలో నుండును. తనకంటె చల్లగా నూనెను చేయుట దానికి సాధ్యము కాదు గదా. మరియొక ప్రమాదము కలదు. లోపలి గొట్టము పగిలినచో నీరును నూనెయు కలసిపోవును. 2005 నుండి 2010 వరకు తయారైన నిస్సాన్ ఫ్రాంటియర్ పికప్పులలోను, అదే కుదురునకు చెందిన పాత్‌ఫైండర్, ఎక్స్‌టెర్రా బండ్లలోను ఈ విధముగా రేడియేటరు లోపలనే పగిలి గేరుపెట్టెలు పాడగుటచే అమెరికాలో వినియోగదారులు న్యాయస్థానమునకెక్కిరి. కంపెనీ రేడియేటరు వారంటీ గడువును పొడిగించెను. కూలెంటులోని గ్లైకాల్ క్లచ్చి పలకలపై అంటించిన పొరను ఊడదీయును. అందుచే అట్టి గేరుపెట్టెను కేవలము కడిగి బాగుచేయుట అరుదు.

కంపెనీ బిగించినది చాలనిచోట బజారులో కొని బిగించుకొను అదనపు కూలరు అక్కరకు వచ్చును. అది రేడియేటరునకు తమ్ముని వంటిది: ముందు జాలీ వెనుక నిలిచి, ఎదురుగాలికి నూనెను చల్లార్చును. ఒకే గొట్టమును పలుమార్లు వంచి రేకులు తొడిగినది చవుక రకము. పలకలను దొంతరగా పేర్చినది మేలు రకము. అదే వైశాల్యములో ఎక్కువ వేడిని వదలును, నూనె ప్రవాహమునకు అడ్డును తక్కువ. తయారీదారులు కూలరు ఇంత బరువు బండికి సరిపోవునని పౌనులలో వ్రాయుదురు. అక్కడ చూడవలసినది బండి బరువొక్కటియే కాదు, వెనుక లాగు ట్రైలరు బరువు కూడ.

ఈ అంకెలను అరబ్బు దేశపు బండికి అట్లే అన్వయించుట తగదని మా అభిప్రాయము. వేడి ప్రవహించు వేగము రెండు ఉష్ణోగ్రతల భేదమును బట్టి యుండునని న్యూటన్ సూత్రము. నూనె 100 డిగ్రీలలో, గాలి సున్న డిగ్రీలలో నున్నచో భేదము 100. అది అమెరికాలోని మిన్నెసోటా శీతకాలము. కువైట్‌లో 2016 జూలై 21న మిత్రిబా వద్ద 53.9 డిగ్రీలు నమోదయ్యెను. వేసవి మధ్యాహ్నమున గాలి 50 డిగ్రీలైనచో భేదము 50 మాత్రమే. అదే కూలరు, అదే గాలివేగము. వదలు వేడి సగము! కనుక ఎడారిలో తిరుగు బండికి పుస్తకములో వ్రాసినదానికంటె ఒక మెట్టు పెద్దది తీసికొనుట ఉచితము. ఇంటర్మీడియట్ విద్యార్థులకు మరియొక లెక్క: నూనె నిమిషమునకు 10 లీటర్లు ప్రవహించుచున్నది, లీటరు బరువు 0.85 కిలోగ్రాము, విశిష్టోష్ణము కిలోగ్రామునకు 2 కిలోజౌళ్ళు అనుకొనుడు. ఇందాకటి 11 కిలోవాట్లను పూర్తిగా వదలవలెనన్నచో నూనె ఒక్కొక్క చుట్టులో సుమారు 39 డిగ్రీలు చల్లారవలెను. పలకను చేతితో తాకి "చల్లగనే యున్నది" యని తృప్తిపడు కూలరులకును ఈ లెక్కకును ఎంత దూరమో విద్యార్థులే చూడగలరు.

అదనపు కూలరును ఎక్కడ కలుపవలెనను విషయమున షెడ్డులలో వాదములు జరుగుచుండును. గేరుపెట్టెనుండి బయలుదేరిన వేడినూనె మొదట రేడియేటరులోని పాత కూలరు గుండ పోయి, పిదప క్రొత్త కూలరునకు వచ్చి, అక్కడినుండి పెట్టెకు మరలుట సవ్యమైన వరుస. వరుస తారుమారైనచో గాలిలో చల్లారిన నూనెను రేడియేటరు మరల వెచ్చపరచును. పాత కూలరును పూర్తిగా తప్పించువారును కలరు. పైన చెప్పిన నిస్సాన్ బండ్ల వంటి వానిలో అది వివేకమే. తక్కినచోట్ల రెండింటిని ఉంచుటయే మేలని మేము తలంతుము, ఏలయన బండి నిలిచియున్నప్పుడు ఎదురుగాలి లేదు, రేడియేటరులోని నీరు మాత్రము తిరుగుచునే యుండును. శీతదేశములలో పాతదానిని తప్పించుట మరింత హాని. చల్లని నూనె చిక్కబడి ప్రవహింపదు, గేర్లు మొండికెత్తును. అక్కడ నూనె వెచ్చబడువరకు దారి మళ్ళించు థర్మోస్టాటు కవాటమును చేర్చుదురు. నేటి క్రొత్త గేరుపెట్టెలు కొన్ని నూనెను కావలెననియే 90 డిగ్రీల చేరువలో ఉంచును, పలుచని నూనె ఇంధనమును ఆదాచేయును గనుక. వానికి కంపెనీ పుస్తకము చూడక ఏదియు బిగింపరాదు.

బిగించుటలో శ్రద్ధ అవసరము. రేకుల గుండ ప్లాస్టిక్ పుల్లలు గ్రుచ్చి ఏసీ కండెన్సరునకు కట్టివేయుట సులభమే. కుదుపులకు ఆ పుల్లలు రాచి రాచి ఒకనాడు గొట్టమునకు రంధ్రము చేయును. ఇనుపపట్టీలతో చట్రమునకు బిగించి, కండెన్సరునకు కొంచెము ఎడముగా నిలుపవలెను. గొట్టపు నోళ్ళు పైకిగాని ప్రక్కకుగాని ఉండవలెను. క్రిందికున్నచో లోపల గాలి నిలుచును. రబ్బరు గొట్టము గేరు నూనెకని చెప్పి అమ్మునదే కావలెను. పెట్రోలు గొట్టము ఆ వేడికి బిరుసెక్కి పగులును. పొగగొట్టము దాపునగాని, పదునైన రేకు అంచున గాని దానిని పోనీయరాదు. కారు నూనె వేడి ఇంజనుపై పడినచో నిప్పంటుకొను భయము కలదని మరువరాదు.

చెడిపోయిన గేరుపెట్టెకు కూలరు మందు కాదు. పలకలు మాడిన పిదప ఎంత చల్లని నూనె పోసినను అవి మరల పుట్టవు. పెట్టెను మార్చినప్పుడు పాత కూలరును లోపల కడుగవలెను, దొంతర రకమైనచో మార్చుటయే ఉత్తమము. అందు చిక్కిన లోహపు రజను క్రొత్త పెట్టెలోనికి ప్రవహించి దానిని కూడ తినివేయును. కూలరు కంటె ముందు కొనవలసినది ఉష్ణమాపకమని కూడ చెప్పవలసియున్నది. అది తొట్టిలోని నూనెను కొలుచుచున్నదా, కన్వర్టరునుండి వెలువడు గొట్టమును కొలుచుచున్నదా అని తెలిసికొనవలెను. రెండవచోట అంకె సహజముగనే హెచ్చుగా నుండును. ఇసుకలో ముల్లు పైకెక్కినప్పుడు క్రింది గేరు వేయుట, ఎత్తున బ్రేకుకు బదులు యాక్సిలరేటరుతో బండిని ఆపి నిలుపకుండుట ఖర్చులేని చికిత్సలు.

బిగింపు ముగిసిన పిదప ఇంజను నడిపి నూనె మట్టము చూడవలెను. కూలరును గొట్టములును నిండుటకు కొంత నూనె పోవును, సాధారణముగా లీటరునకు కొంచెము అటునిటు. ఆ నూనె కంపెనీ చెప్పిన రకమే కావలెను. పుల్ల ఉన్న బండ్లలో చాలవానికి నూనె వెచ్చబడి, ఇంజను నడచుచుండగా, గేరు పార్కులో నుంచి కొలుచుట పద్ధతి. పుల్ల లేని క్రొత్త బండ్లకు పుస్తకములో చెప్పిన ఉష్ణోగ్రతవద్ద కొలువవలెను. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నడచిన పిదప బిగింపులన్నియు మరల త్రిప్పి చూచి, ఇసుకగాలి వీచిన ప్రతిసారియు రేకుల నడుమ ధూళిని వెనుకనుండి ముందునకు మెత్తని నీటిధారతో కడుగవలెను. పెద్ద పంపు ఒత్తిడికి రేకులు వంగిపోవును.