ఎద్దు కొమ్ము ఎంతవరకు చెక్కవచ్చు?

ప్రశ్న: కనుమకు ఎద్దుల కొమ్ములు చెక్కించి రంగు వేయిస్తాం. ఎంతవరకు చెక్కితే ప్రమాదం లేదు?
– ఒక రైతు, పలమనేరు

జవాబు: కొమ్ము పైపొర మన గోరులాంటిది, దానికి నొప్పి తెలియదు. లోపలి ఎముకలో మాత్రం నరాలు, రక్తనాళాలు ఉంటాయి. పెద్ద ఎద్దుల్లో ఆ ఎముక బోలుగా ఉండి, నుదుటిలోని గాలి గదితో కలుస్తుంది. లోతుగా కోస్తే చీము అక్కడిదాకా పాకుతుంది.

అందుకే వాడి కొనను ఆకురాయితో అరగదీసి మొద్దు చేస్తే చాలు. హళ్లికార్ ఎద్దుల పొడవాటి కొమ్ములకూ ఇదే పద్ధతి. వంకర తీయడానికి కాల్చిన ఇనుము పెట్టకండి. మన దేశపు ఎద్దుల్లో కొమ్ము క్యాన్సర్ ఎక్కువ. పదేపదే గీకడం, కాడి ఒరిపిడి కారణాలు కావచ్చని పశువైద్యుల అనుమానం. ఎద్దు తల విదిలిస్తున్నా, ముక్కున రక్తం కారినా, కొమ్ము కదిలినా వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి.