మీ ఇంటి కూలరు ఏమి చెబుతోంది?

ఎండలు ముదరగానే అటక మీది కూలరు కిందికి దిగుతుంది. దుమ్ము దులిపి, నీళ్లు పోసి, స్విచ్చి వేస్తాము. గాలి వస్తే చాలు, ఇక దాని సంగతి పట్టించుకోము.

కొన్నేళ్ల క్రితం ఒక మే నెల మధ్యాహ్నం ఒక యువతిని ఆటోలో మా ఆసుపత్రికి తెచ్చారు. తిరుగుతున్న కూలరులో బిందెతో నీళ్లు పోస్తుండగా షాకు కొట్టింది. అరచేయి కాలింది. అత్తగారు పరుగున వెళ్లి మెయిన్ ఆపబట్టి ప్రాణం దక్కింది. కట్టు కడుతుండగా ఆమె నాతో, “రెండు రోజుల నుంచి ముట్టుకుంటే చేయి జివ్వుమంటోంది సిస్టరమ్మా, ఆ కాస్తకేమవుతుందిలే అనుకున్నాను” అంది.

చూశారా! కూలరు రెండు రోజుల ముందే చెప్పింది. వినేవారే లేరు. కూలరులో కనిపించే ప్రతి చిన్న ఇబ్బందీ ఒక హెచ్చరికే. అవి ఏమిటో, ఏమి చేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం. కూలరును పరీక్షించే ముందు ప్రతిసారీ ప్లగ్గు ఊడదీయండి. స్విచ్చి ఆపితే సరిపోదు. వైరింగు తప్పుగా ఉన్న ఇళ్లలో స్విచ్చి ఆపినా లోపల కరెంటు ఉండవచ్చు.

1. గాలి చల్లగా రావడం లేదు

మట్టి కుండలో నీరు ఎలా చల్లబడుతుందో కూలరూ అలాగే పనిచేస్తుంది. తడి గడ్డి గుండా పొడిగాలి వెళ్లినప్పుడు నీరు ఆవిరవుతుంది. అందుకు కావలసిన వేడిని గాలి నుండే తీసుకుంటుంది. అందుకే గాలి చల్లబడుతుంది. గడ్డి అంతా సమంగా తడుస్తోందా చూడండి. ఒక పక్క పొడిగా ఉంటే, నీటిని పైకి పంపే గొట్టం రంధ్రాలలో ఉప్పు పేరుకుని ఉంటుంది. సన్నని పుల్లతో పొడిచి శుభ్రం చేయండి. పంపు జాలీలో చెత్త ఉంటే తీసివేయండి. గడ్డి నల్లబడి అణగిపోతే కొత్తది వేయించండి.

2. గది ఉక్కగా, జిగటగా ఉంది

చాలామంది ఏ.సి. గదిలాగా తలుపులు, కిటికీలు అన్నీ మూసి కూలరు వేస్తారు. ఇది పొరపాటు. గదిలో తేమ పెరిగిపోతే నీరు ఆవిరి కాదు, చెమటా ఆరదు. కూలరు వెనుక భాగాన్ని కిటికీ దగ్గర బయటి గాలి తగిలేలా పెట్టి, ఎదురుగా ఉన్న తలుపో కిటికీయో కొంచెం తెరిచి ఉంచండి. వానాకాలంలోను, సముద్ర తీరపు ఉక్కపోతలోను కూలరు అంతగా చల్లబరచదు. అప్పుడు పంపు ఆపి ఫ్యాను మాత్రమే వాడండి. గోడలకు చెమ్మ పట్టి బూజు వస్తే ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం ఎక్కువవుతుంది.

3. గాలి వాసన వస్తోంది

నీరు నిలవ ఉండి పాచి పట్టిందన్నమాట. అత్తరు, ఫినాయిలు కలిపి వాసన కప్పిపుచ్చవద్దు. ఆ గాలి పీల్చేది మీ పిల్లలే. నీరంతా పారబోసి, తొట్టిని సబ్బుతో రుద్ది కడగండి. గడ్డిని ఎండలో ఆరబెట్టండి. రాత్రి పడుకునే ముందు పంపు ఆపి పది నిమిషాలు ఫ్యాను తిప్పితే గడ్డి కొంత ఆరుతుంది.

4. నీటిలో పురుగులు ఆడుతున్నాయి

అవి దోమ పిల్లలు. డెంగ్యూను వ్యాపింపజేసే ఏడిస్ దోమకు కూలరు తొట్టి వంటి నిలవ నీరు ఎంతో ఇష్టం. ఇది పగటిపూట కుడుతుంది. వేసవిలో గుడ్డు దోమగా మారడానికి సుమారు 7 నుండి 10 రోజులు చాలు. అందుకే వారానికి ఒకసారి తప్పకుండా తొట్టి ఖాళీ చేయాలి. నీరు పారబోస్తే మాత్రం చాలదు. గుడ్లు తొట్టి గోడలకు అంటుకుని, నీరు లేకపోయినా నెలల తరబడి బ్రతికి ఉంటాయి. గోడలను బ్రష్షుతో గట్టిగా రుద్దండి. వేసవి అయ్యాక పూర్తిగా ఆరబెట్టి దాచండి.

ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు సొంతంగా వేయవద్దు. డెంగ్యూ అయితే రక్తస్రావం పెరుగుతుంది. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి గాని ముక్కు నుండి గాని రక్తం కనిపిస్తే, జ్వరం తగ్గినా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

5. ఫ్యాను మూలుగుతోంది, తిరగడం లేదు

వెంటనే ఆపివేయండి. అలాగే వదిలితే మోటారు వేడెక్కి కాలిపోతుంది. రెక్కలను పుల్లతోనో చేత్తోనో తిప్పే ప్రయత్నం చేయవద్దు. మెకానిక్కును పిలవండి. చాలాసార్లు కెపాసిటర్ మార్చితే సరిపోతుంది.

6. ముట్టుకుంటే జివ్వుమంటోంది

ఇక ఒక్క నిమిషం కూడా వాడవద్దు. మెయిన్ ఆపి, ప్లగ్గు తీసి, ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. కూలరుకు మూడు పిన్నుల ప్లగ్గు ఉండాలి. ఇంటికి సరైన ఎర్తింగు ఉండాలి. ఎర్తు లేని ఇంట్లో మూడో పిన్ను ఉన్నా లాభం లేదు. వీలైతే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుకోండి. కరెంటు లీకైతే అది రెప్పపాటులో సరఫరా ఆపుతుంది. నీరు పోసేటప్పుడు ముందు ప్లగ్గు, తరువాతే బిందె. పిల్లలకు ఆ పని చెప్పవద్దు.

ఎవరికైనా షాకు కొడితే వారిని చేత్తో పట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపండి. ఆపలేకపోతే పొడి నేల మీద నిలబడి పొడి కర్రతో వేరు చేయండి. 108కి ఫోను చేయండి. స్పృహ లేక, ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. లేచి కూర్చున్నా ఒకసారి డాక్టరుకు చూపించండి. గుండె లయ తప్పి ఉండవచ్చు.

జ్ఞాపకం ఉంచుకోండి

• నీళ్లు పోసే ముందు ప్లగ్గు తీయాలి.
• కూలరు వేసినప్పుడు గాలి బయటకు పోయే దారి ఉండాలి.
• వారానికి ఒక రోజు తొట్టిని రుద్ది కడగాలి.

ఈ పుస్తకం పక్కన పెట్టి ఇప్పుడే మీ కూలరు ప్లగ్గు చూడండి. రెండు పిన్నులే ఉన్నాయా? అయితే ఎలక్ట్రీషియన్ వచ్చేవరకు ఈ రాత్రికి విసనకర్రే మేలు.