ఆల్ ఓవర్ ద ప్లేస్

రోడ్ల పక్కన, బీడు భూముల్లో చిన్న చిన్న తెల్లని పూలతో గుబురుగా పెరిగే వయ్యారిభామను మీరు చూసే ఉంటారు. దీని శాస్త్రీయ నామం పార్థీనియం హిస్టెరోఫోరస్. పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలు. మన దేశంలో 1955లో పుణె ప్రాంతంలో దీన్ని గుర్తించారు. ఒక్కొక్క మొక్క వేలకొద్దీ విత్తనాలనిస్తుంది. అవి గాలికి ఎగిరి, నీటిలో కొట్టుకుపోయి, బండి చక్రాల బురదకు అంటుకొని వెళ్ళి ఎక్కడపడితే అక్కడ మొలుస్తాయి.

ఈ "ఎక్కడపడితే అక్కడ" అన్న మాటకు ఇంగ్లీషులో చక్కని పలుకుబడి ఉంది: "ఆల్ ఓవర్ ద ప్లేస్."

"పార్థీనియం ఈజ్ గ్రోయింగ్ ఆల్ ఓవర్ ద ప్లేస్."

ఇందులో "ప్లేస్" అంటే ఫలానా చోటు అని కాదు. మొత్తం పలుకుబడికి "అంతటా, చెల్లాచెదురుగా" అని అర్థం.

ఫలానా చోటంతటా అని చెప్పాలంటే ఆ చోటు పేరే వాడాలి: "ఆల్ ఓవర్ ఇండియా." చాలామంది దీనికి ముందు "ఇన్" చేర్చి "ఇన్ ఆల్ ఓవర్ ఇండియా" అని రాస్తారు. అది తప్పు. తెలుగులో "దేశమంతటాలో" అంటామా? అనం. "అంతటా"లోనే "లో" ఇమిడి ఉంది. "ఆల్ ఓవర్" కూడా అంతే.

ఈ పలుకుబడికి మరో అర్థం ఉంది. మీటరు పొడవున్న లఘులోలకం 20 డోలనాలకు సుమారు 40 సెకన్లు తీసుకుంటుంది. మీకు మూడుసార్లు వరుసగా 40, 33, 47 సెకన్లు వచ్చాయనుకోండి. మాస్టారు "యువర్ రీడింగ్స్ ఆర్ ఆల్ ఓవర్ ద ప్లేస్" అంటారు. అది మెచ్చుకోలు కాదు! పొంతన లేదు, డోలనాలు సరిగా లెక్కపెట్టి మళ్ళీ చెయ్యమని హెచ్చరిక.

అంటే ఈ మాటలో వ్యాప్తితోపాటు క్రమం లేకపోవడం కూడా ధ్వనిస్తుంది. పైగా ఇది సంభాషణల్లో వాడే మాట. గదిలో వాయువు సమంగా వ్యాపించిందని పరీక్షలో రాసేటప్పుడు "త్రూఅవుట్ ద రూమ్" అనండి.

అభ్యాసం: వీటిలో వేటికి "ఆల్ ఓవర్ ద ప్లేస్" నప్పుతుంది?
1. పరీక్షనాళిక పగిలి ముక్కలు ఎక్కడపడితే అక్కడ పడ్డాయి.
2. రక్తం శరీరమంతటా ప్రసరిస్తుంది.
3. అతని జవాబు గజిబిజిగా ఉంది.

జవాబు: 1, 3. రెండోదానికి "త్రూఅవుట్ ద బాడీ" అనాలి.